నాన్నతో ఫోర్ట్ ఆర్డ్‌లో మూడు రోజులు

బూట్లు దులిపితే ఇంకా ఇసుక రాలుతోంది. మరిచిపోకముందే రాసేయాలని కూర్చున్నాను.

మా నాన్నది మిలిటరీ మాధవరం. తాడేపల్లిగూడెం దగ్గర ఉన్న ఆ ఊళ్ళో మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటికొకరైనా సైన్యంలో ఉంటూ వచ్చారు. నాన్న 1980లో బెంగుళూరు వెళ్ళి సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేరారు. 24 ఏళ్ళు చేసి హవల్దారుగా రిటైరయ్యారు. చివరి రెండేళ్ళూ పంజాబ్ సరిహద్దులో మందుపాతరలు తీసే పని. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక, ఆపరేషన్ పరాక్రమ్ సమయంలో మన సైన్యమే ఫాజిల్కా వైపు పొలాల్లో పాతిన మందుపాతరలవి. "పాతిందీ మేమే, తీసిందీ మేమే" అంటారు. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఇంటికొచ్చారు. గుడి, మాల్, పార్కు అన్నీ చూపించేశాం. ఆయన చూస్తారు, బాగుందమ్మా అంటారు, అంతే. మాంటెరే వెళ్దాం, పక్కనే ఫోర్ట్ ఆర్డ్ అనే పాత మిలిటరీ బేస్ ఒకటి ఉంది, ఇప్పుడు దాన్ని శుభ్రం చేసి పార్కులూ యూనివర్సిటీ చేశారు అని చెప్పాను. ఆ మాటకు తలెత్తి, "దేన్ని శుభ్రం చేశారు?" అన్నారు.

ఏప్రిల్ 11, శుక్రవారం: క్యాస్ట్రోవిల్, మరీనా

గిల్‌రాయ్ దాటేటప్పుడు కారు అద్దాలు వేసున్నా వెల్లుల్లి వాసన లోపలికొచ్చింది. క్యాస్ట్రోవిల్‌లో ఆగాం. ఊరంతా ఆర్టిచోక్ పొలాలే. మొగ్గల్ని ముక్కలు కోసి, పిండిలో ముంచి వేయించి ఇస్తారు, ప్లేటు 14 డాలర్లు. నాన్న ఒకటి కొరికి, "అరటిపువ్వు వడలా ఉంది, ఉప్పు తగ్గింది" అన్నారు. నిజమే, అదే రుచి. మా ఆయన నిమ్మకాయ ముక్క అడిగి పిండాక ప్లేటు ఖాళీ అయింది.

సాయంత్రం నాలుగింటికి మరీనాలో హైవే మీది వంతెన దాటి ఫోర్ట్ ఆర్డ్ డ్యూన్స్ స్టేట్ పార్కుకు వెళ్ళాం. పార్కింగ్‌కు డబ్బులు తీసుకోలేదు. చలిగాలి, మంచుతెర, దూరంగా సముద్రం హోరు. దారి పక్కన మట్టి కప్పిన పాత మందుగుండు బంకర్లు, ఇనుప తలుపులు తుప్పు పట్టి ఉన్నాయి. నాన్న వాటిని చూడగానే చేతులు వెనక్కి కట్టుకుని నడవటం మొదలుపెట్టారు.

ఈ చోటు కథ కొంత చెప్పాలి. 1917లో ఫిరంగి దళాల శిక్షణ కోసం అమెరికా సైన్యం ఇక్కడ భూమి తీసుకుంది. పెరుగుతూ పెరుగుతూ దాదాపు 28,000 ఎకరాలైంది. రెండో ప్రపంచ యుద్ధానికీ, కొరియాకూ, వియత్నాంకూ వెళ్ళిన లక్షల మంది కుర్రాళ్ళు ఇక్కడే తుపాకీ పట్టడం నేర్చుకున్నారు. మూసేస్తున్నామని 1991లో ప్రకటించి, 1994 సెప్టెంబరులో మూసేశారు. అప్పటికే, అంటే 1990లోనే, దేశంలో అత్యంత కలుషితమైన స్థలాల జాబితాలో చేర్చారు. దాన్నే సూపర్‌ఫండ్ అంటారు.

తీరం వెంబడి ఉన్నవి రైఫిల్ రేంజిలు. సిపాయిలు సముద్రం వైపు తిరిగి పడుకుని కాల్చేవారు. గుళ్ళు ఇసుక దిబ్బల్లో దిగిపోయేవి. దశాబ్దాల తరబడి అలా దిగిన సీసం ఇసుకలో కలిసిపోయింది. బేస్ మూసేశాక ఆ ఇసుకను తవ్వి తీసి, లోపల ఉన్న పాత చెత్త గోతుల దగ్గరికి తరలించి పైన మూత వేశారు. 2009లో గానీ జనాన్ని ఈ తీరానికి రానివ్వలేదు. అంటే పదిహేనేళ్ళు. ఒకప్పుడు దిబ్బలు కదలకుండా నాటిన ఐస్‌ప్లాంట్ అనే పరాయి మొక్క మిగతా మొక్కల్ని మింగేస్తే, దాన్ని పీకి ఇక్కడి బక్‌వీట్ మళ్ళీ పెంచుతున్నారు. స్మిత్స్ బ్లూ అనే సీతాకోకచిలుక ఆ మొక్క మీదే గుడ్లు పెడుతుంది. అది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి. మాకు కనబడలేదు, మొక్క కనబడింది. మోకాలెత్తు, బూడిదాకుపచ్చ ఆకులు, ఇసుకను పట్టుకుని కూర్చుంది.

ఒకప్పుడు ఈ గట్టు మీద సిపాయిల క్లబ్బు ఉండేది, పేరు స్టిల్‌వెల్ హాల్. సముద్రం గట్టును కోసుకుంటూ వచ్చేసరికి 2003లో కూల్చేశారు. ఆ పేరు చదవగానే నాన్న ఆగారు. "లీడో రోడ్డు స్టిల్‌వెల్లేనా?" ఆయనే. బర్మా మీదుగా చైనాకు అస్సాం నుంచి రోడ్డు వేయించిన జనరల్ జోసెఫ్ స్టిల్‌వెల్, 1940లో ఇక్కడ ఏడో డివిజన్‌కు శిక్షణ ఇచ్చాడు. "లీడోలో ఆ బోర్డు కింద నిలబడి ఫొటో దిగానమ్మా, మీ అమ్మకు పంపాను" అన్నారు. ఆ ఫొటో నేను చూశాను. అది ఏ రోడ్డో ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

బెంచీ మీద ఒక నల్లజాతి పెద్దాయన కూర్చున్నాడు, వియత్నాం వెటరన్ అని టోపీ మీద రాసుంది. నాన్న దగ్గరికెళ్ళి, "ఇండియన్ ఆర్మీ, ఇంజనీర్స్" అని చెయ్యి చాపారు. ఆయన లేచి నిలబడి మరీ చెయ్యి కలిపాడు. 1969లో ఇక్కడ ఎనిమిది వారాల శిక్షణ పొందాడట. "రోజూ ఇక్కడే పడుకుని కాల్చాం. సముద్రం ఎదురుగానే ఉంది. ఒక్కసారి కూడా నీళ్ళు ముట్టుకోలేదు" అన్నాడు. ఇప్పుడు పక్కనే సీసైడ్‌లో ఉంటాడు, వారానికి రెండుసార్లు వస్తాడు. నేను తెలుగులో చెబుతుంటే నాన్న తల ఊపుతూ విన్నారు.

మావాడు ఇసుకలోకి పరిగెత్తాడు. మా ఆయన వెనకాల వెళ్ళాడు. నాన్న మాత్రం తారు రోడ్డు దిగలేదు. "మీరెళ్ళండమ్మా, నేనిక్కడుంటా."

ఏప్రిల్ 12, శనివారం: నేషనల్ మాన్యుమెంట్

పొద్దున్నే మోటల్ గదిలో కరెంటు కుక్కర్లో ఉప్మా చేసుకుని బయల్దేరాం. ఈ పాత బేస్‌లో సగానికి పైగా, 14,600 ఎకరాల పైచిలుకు, 2012 ఏప్రిల్‌లో ఒబామా నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే ప్రభుత్వం కాపాడే ప్రాంతంగా, ప్రకటించారు. కొంత భాగంలో కాలిబాటలు, సైకిలు బాటలు, గుర్రాల బాటలు ఉన్నాయి. మిగతా భాగం ఇంకా సైన్యం చేతిలోనే ఉంది, ఎందుకంటే అక్కడ శుభ్రం చేయడం అవ్వలేదు. ముప్పై ఏళ్ళు దాటినా.

ఫోన్ చూపించిన దారి పట్టుకుని వెళ్తే యూకలిప్టస్ చెట్ల మధ్య ఒక పాత రోడ్డు, చివర తాళం వేసిన గేటు. గేటుకు అటూ ఇటూ చుట్టలు చుట్టిన ముళ్ళకంచె, ఎర్ర అక్షరాల బోర్డు: ప్రమాదం, పేలని మందుగుండు, లోపలికి రాకూడదు. దారి తప్పాం. కారు వెనక్కి తిప్పేలోపే మావాడు దిగి, రోడ్డు పక్క గడ్డిలో పరిగెడుతున్న తొండ వెంట పడ్డాడు.

"థమ్!"

నాన్న గొంతు అలా వినడం నాకదే మొదటిసారి. పరేడ్ గ్రౌండ్‌లో ఆగమని చెప్పే మాట. మావాడికి హిందీ రాదు, అయినా ఒక కాలు గాల్లోనే ఆపేశాడు. నాన్న కారు దిగి, రోడ్డు అంచున నిలబడి, వాడి వెనకాల గడ్డిని చూశారు. తర్వాత తెలుగులో, మెల్లగా: "నాన్నా, ఎక్కడెక్కడ అడుగేసి వెళ్ళావో వెనక్కి తిరిగి చూడు. సరిగ్గా ఆ అడుగుల్లోనే రా. తొందర లేదు." వాడు నాలుగడుగులు వెనక్కి వేసి తాతయ్య చేతుల్లో పడ్డాడు. నిజానికి కంచెకు ఇవతల ఉన్న ఆ చోటు జనం తిరిగేదే, బాట దిగొద్దన్నది అక్కడ మామూలు నియమం. ఆ సంగతి నాకు తెలుసు. అయినా చేతులు చల్లబడిపోయాయి.

క్రీక్‌సైడ్ అనే చోటు నుంచి మొదలయ్యే బాట దొరికేసరికి పదకొండైంది. ప్రవేశానికి డబ్బుల్లేవు. బాట మొదట్లో పెట్టిన కాగితం ఒకటి తీసుకుని నాన్నకు చదివి వినిపించాను. ఏదైనా వింత వస్తువు కనబడితే గుర్తుపట్టు, ముట్టుకోకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్ళు, పోలీసులకు చెప్పు. మూడే మాటలు. నాన్న మావాడితో మూడుసార్లు చెప్పించి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

పచ్చని గుట్టలు. వంకర్లు తిరిగిన ఓక్ చెట్లకు ఆకుపచ్చ నాచు జడల్లా వేలాడుతోంది. అక్కడక్కడా వానాకాలంలో నిండి ఎండాకాలంలో ఎండిపోయే కుంటలు. ఆ కుంటల్లో టైగర్ సాలమాండర్ అనే పసుపు మచ్చల జీవి గుడ్లు పెడుతుంది, అది కూడా అంతరించే ప్రమాదంలో ఉన్నదే. ఇక్కడ నాకు మనసులో ముల్లు గుచ్చుకున్న మాట ఒకటుంది. సైన్యం కంచె వేసి జనాన్ని బయట ఉంచబట్టే ఈ మొక్కలూ ఈ కుంటలూ మిగిలాయి. చుట్టుపక్కల తీరమంతా ఇళ్ళూ హోటళ్ళూ అయిపోయాయి. నేలలో గుండ్లున్నాయి, నేల మీద ఇంకెక్కడా దొరకని పొదలున్నాయి. పని కష్టమైంది కూడా అందుకే.

మధ్యలో ఉన్న వేల ఎకరాల మీద దశాబ్దాల పాటు ఫిరంగి గుండ్లు, మోర్టార్లు, రాకెట్లు, గ్రెనేడ్లు పడ్డాయి. కొన్ని పేలలేదు. పైన మాంజనీటా పొదలు మనిషెత్తు పెరిగి, ఎలుక కూడా దూరనంత దట్టంగా అల్లుకుపోయాయి. మనుషులు లోపలికెళ్ళి నేల చూడాలంటే ముందు పొద పోవాలి. కోయడం ఒక పద్ధతి. కానీ ఆ పొదలు మంటకు అలవాటు పడినవి, చాలా విత్తనాలు కాలితే గానీ మొలకెత్తవు. అందుకని గాలీ తేమా అనుకూలించే రోజు కోసం కాచుకుని, చుట్టూ దారులు చెక్కి, ఒక ముక్కకు నిప్పు పెడతారు. 2003లో ఒకసారి మంట అనుకున్న గీత దాటిపోయి మాంటెరే అంతా పొగ కమ్మింది. అప్పటి నుంచీ నిప్పు పెడుతున్నారంటే ఊళ్ళకు ముందే కబురందుతుంది. కాలిన నేల మీద వరసగా నడిచి కనబడినవి తీస్తారు. తర్వాత లోహాన్ని పసిగట్టే యంత్రాలతో నేలను జల్లెడ పట్టి, మోగిన ప్రతిచోటా తవ్వుతారు. గుండు దొరికితే చాలాసార్లు అక్కడే పేల్చేస్తారు.

"మోగిందల్లా గుండు కాదమ్మా" అన్నారు నాన్న నడుస్తూ. "వందసార్లు మోకాళ్ళ మీద కూర్చుంటే తొంభైతొమ్మిది సార్లు మేకు, డబ్బా మూత, గుర్రపు నాడా. ఆ తొంభైతొమ్మిదినీ కూడా గుండు అనుకునే తియ్యాలి. అదీ పని."

గుట్ట ఎక్కగానే గొర్రెలు. వందల్లో ఉన్నాయి, రెండు తెల్ల కుక్కలు కాపలా. పరాయి గడ్డి మొక్కల్ని మేసేస్తే ఇక్కడి పూల మొక్కలకు ఎండ తగులుతుందని, ఈ భూమిని చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వాళ్ళు ప్రతి వసంతంలో మందను తెప్పించి మేపిస్తారు. కాపరి పెరూ నుంచి వచ్చాడట, స్పానిష్ తప్ప ఏమీ రాదు. నాన్నకు తెలుగు, హిందీ, కాస్త పంజాబీ. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. ఒక గొర్రె కాలెత్తి గిట్ట చూపించాడు కాపరి, నాన్న బొటనవేలితో నొక్కి చూసి తలాడించారు. మా మినప సున్నుండలు రెండు ఇస్తే అతను టోపీ తీసి కళ్ళకద్దుకున్నాడు. తన నీళ్ళ సీసా మాకివ్వబోయాడు.

అక్కడ మొదటిసారి నాన్న బాట దిగారు. గొర్రెలు తొక్కిన నేల మీద, గొర్రెల మధ్యకు. నేనేమీ అనలేదు.

రాత్రి మరీనాలో కొరియన్ హోటల్‌కు వెళ్ళాం. ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని కొరియన్ హోటళ్ళు ఎందుకున్నాయంటే, ఫోర్ట్ ఆర్డ్ సిపాయిలు కొరియాలో పెళ్ళిళ్ళు చేసుకుని భార్యల్ని ఇక్కడికి తెచ్చుకున్నారు. బేస్ పోయింది, ఆ ఆడవాళ్ళు ఉండిపోయారు. డెబ్బై దాటిన ఒకావిడ ఆరు రకాల ఊరగాయలు చిన్న గిన్నెల్లో తెచ్చిపెట్టి, నాన్న కిమ్చీని అన్నంలో కలుపుకుంటుంటే చూసి, అడక్కుండానే ఇంకో గిన్నె తెచ్చింది. నలుగురికీ టిప్పుతో కలిపి 92 డాలర్లు.

తింటూ తింటూ మావాడు అడిగాడు, మందుపాతర ఎలా తీస్తారు తాతయ్యా అని. నాన్న ఒక చాప్‌స్టిక్ తీసుకుని అన్నం గిన్నెలోకి ఏటవాలుగా పెట్టారు. "నిటారుగా గుచ్చకూడదు, పైన నొక్కితే పేలేది కదా. ముప్పై డిగ్రీలు వాల్చి, పక్క నుంచి తగలాలి. తగిలితే ఆగాలి. తగలకపోతే అంగుళం జరిపి మళ్ళీ." అంగుళం అంగుళం గుచ్చుతూ గిన్నె ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చారు. తర్వాత, గిన్నె వైపే చూస్తూ చెప్పారు. ఫాజిల్కా దగ్గర ఒక సర్దార్జీ రోజూ టీ క్యాన్ పట్టుకుని పొలం గట్టున నిలబడేవాడట. రెండు పంటలు పోయాయి అతనికి. "హో గయా, ఫౌజీ?" అని అడిగేవాడు. ఒకరోజు అయిందని చెప్పారు. కానీ అతను పొలంలో కాలు పెట్టలేదు. అప్పుడు నాన్నావాళ్ళ కంపెనీ భుజం భుజం కలిపి, వరసగా, ఆ పొలమంతా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచి చూపించింది. "అప్పుడు దిగాడు" అన్నారు.

కిమ్చీ తెచ్చిన ఆవిడ వాడకుండా ఉన్న ఇంకో జత చాప్‌స్టిక్స్ నాన్న ముందు పెట్టి వెళ్ళింది.

ఏప్రిల్ 13, ఆదివారం: క్యాంపస్, కొత్త కాలనీ, శ్మశానం

కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ మాంటెరే బే ఈ బేస్‌లోనే 1995లో మొదలైంది. ఆ సెప్టెంబరులో ప్రెసిడెంట్ క్లింటన్ వచ్చి ప్రారంభించారు. సిపాయిల బ్యారక్‌లే హాస్టళ్ళూ ఆఫీసులూ అయ్యాయి. కొత్త లైబ్రరీ అద్దాల్లోంచి పిల్లలు కనిపిస్తుంటే, నాలుగు వీధులవతల కిటికీలకు చెక్కలు కొట్టిన పాత భవనాలు అలాగే ఉన్నాయి. ఒకదాని గోడ దగ్గరికెళ్ళి చూశాను. తెల్ల రంగు మొసలి చర్మంలా పగిలి, పెచ్చులు అంచుల దగ్గర పైకి లేచి ఉన్నాయి. ఆ రంగులో సీసం ఉంది, గోడల్లో ఆస్‌బెస్టాస్ ఉంది, దుమ్ముగా లేస్తే రెండూ ప్రమాదమే. అందుకే మామూలు ఇంటిలా బుల్‌డోజర్ పెట్టి కూల్చడానికి లేదు. ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర ఏళ్ళకేళ్ళు గడిచిపోయాయి. ఈ భూముల కోసం ఊళ్ళన్నీ కలిసి 1994లో ఒక సంస్థ పెట్టుకుంటే, అది 2020లో మూతపడింది, పాత భవనాలు కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి. సైన్యం తాను కట్టినవి తానే కూల్చి వెళ్ళాల్సింది. నాకు ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు.

అక్కడి నుంచి మరీనా వైపు కొత్త కాలనీకి వెళ్ళాం. పార్కులో తెలుగు మాటలు వినిపించాయి. మావాడి వయసు పిల్లలున్న ఒక కుటుంబం, కృష్ణా జిల్లా వాళ్ళు. ఇంటికి రమ్మని పట్టుబట్టి, పెసరట్లు వేసిపెట్టారు, అల్లం పచ్చడితో. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఇది పాత మిలిటరీ భూమి అనీ, సొంతంగా బావి తవ్వుకోకూడదనీ, ఫలానా చోట్ల లోతుగా తవ్వాలంటే అనుమతి కావాలనీ రాసుందట. "మొదట్లో కాస్త టెన్షన్ పడ్డాం అంకుల్. చదివాక నయమనిపించింది. దాచిపెట్టలేదు కదా" అందావిడ.

వాళ్ళ వీధి చివర గడ్డిలో గుండ్రటి ఇనుప మూత ఒకటి చూపించారు, బోల్టులు బిగించి నంబరు వేసుంది. భూగర్భ జలాన్ని పరీక్షించే బావి. బేస్‌లో యంత్రాలూ రేడియోలూ తుడవడానికి వాడిన ట్రైక్లోరోఇథిలీన్, కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటివి భూమిలోకి ఇంకి నీళ్ళలో కలిశాయి. చెత్త గోతుల కిందా అంతే. 1990ల నుంచీ ఆ నీళ్ళను తోడి, ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొరల గుండా పోనిచ్చి విషం పట్టేస్తున్నారు. గుండైతే ఒకరోజు దొరుకుతుంది, తీసేస్తే పోతుంది. నీటిలో కలిసింది అలా దొరకదు. మావాడు ఆ మూత మీద నిలబడితే నాన్న దిగమన్నారు.

వచ్చేముందు సీసైడ్‌లోని వెటరన్స్ శ్మశానానికి వెళ్ళాం. 2016లో మొదలైన ఇది కూడా బేస్ భూమే. నాన్న ద్వారం దగ్గర చొక్కా సర్దుకుని సెల్యూట్ చేశారు. అక్కడ మొక్కలకు నీళ్ళు పెడుతున్న వాలంటీరు ఒకాయన, పాత సార్జెంటట, మాటలు కలిపాడు. నాన్న నా చేత ఒక్క ప్రశ్నే అడిగించారు: "శుభ్రం చేశాక ఎవరు నడిచి చూపిస్తారు?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. ఫాజిల్కా సంగతి చెప్పాను. నీళ్ళ గొట్టం కట్టేసి, ఇక్కడ అలా ఉండదన్నాడు. సైన్యం నివేదిక ఇస్తుంది, కేంద్ర, రాష్ట్ర పర్యావరణ శాఖల వాళ్ళు చూసి సరే అంటారు, కాగితాలన్నీ జనం చదువుకోవచ్చు. నాన్న విని, "అదీ మంచిదే. కాగితం ఉంటుంది. మేం నడిచిన అడుగులు ఒక్క వానకు పోయి ఉంటాయి" అన్నారు. సార్జెంటు ఆ మాట నా చేత రెండోసారి ఇంగ్లీషులో చెప్పించుకున్నాడు.

తిరుగు దారిలో వాట్సన్‌విల్ వైపు పొలం పక్క బండి దగ్గర స్ట్రాబెర్రీలు, మూడు బుట్టలు 12 డాలర్లు. అమ్మే అమ్మాయి, వంగి కోసేవాళ్ళలోంచి లేచి వచ్చింది, చేతులు ఎర్రగా ఉన్నాయి. నాన్న ముందు కడగమన్నారు, తర్వాత ఒక బుట్ట కారులోనే అయిపోయింది.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది, మాధవరంలో పొద్దున్న తొమ్మిదిన్నర. నాన్న చెప్పులు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుని, సాపర్స్‌లో తనతో పనిచేసిన రామాలయం వీధి బాబాయికి ఫోన్ చేశారు. జేబులోంచి ఆ మూడు మాటల కాగితం తీసి మోకాలి మీద పరుచుకుని మొదలుపెట్టారు.

"ఒరేయ్, ఫైరింగ్ రేంజిలో గొర్రెల్ని మేపుతున్నార్రా ఇక్కడ. ఆఁ, గొర్రెల్నే. లేదు, కంచె అవతల ఇంకా అవ్వలేదు... నేనా? నడిచాను."